టెక్కెన్: మూడో భాగం తర్వాత ఏం మారింది?

జపాన్‌కు చెందిన నామ్‌కో సంస్థ 1994లో ఆర్కేడ్ యంత్రాల కోసం తెచ్చిన టెక్కెన్ ఆటల శ్రేణి, 2024 జనవరి 26న విడుదలైన ఎనిమిదో భాగంతో ముప్పయ్యో ఏట అడుగుపెట్టింది. ఇద్దరు ఆటగాళ్లు చెరొక పాత్రను ఎంచుకుని, ఎదుటి పాత్ర శక్తిని చూపే గీత పూర్తిగా తరిగిపోయేదాకా తలపడే ఇటువంటి ఆటలను ఫైటింగ్ గేమ్‌లు అంటారు. వాటిలో కథను మధ్యలో చెరిపి మళ్లీ మొదలుపెట్టకుండా, మిషిమా వంశపు తాత, తండ్రి, మనవల వైరంగా మూడు దశాబ్దాలు నడిపించిన శ్రేణిగా టెక్కెన్‌కు ప్రత్యేక స్థానం ఉంది. ఇంతకాలం నిలిచింది కాబట్టే దాని మీద వాదన కూడా బాగా చిక్కుపడింది. మూడో భాగం తర్వాత వచ్చినదంతా దిగజారుడేనని కొందరు, అయిదో భాగం నాటి రూపమే అసలైనదని మరికొందరు, కొత్తవారిని చేర్చుకోని ఆట బతకదు కనుక ఎనిమిదో భాగం మార్గమే సరైనదని ఇంకొందరు అంటున్నారు.

అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ వంటి దక్షిణ తెలంగాణ పట్టణాల పాఠకులకు ఈ వాదన ఒక ప్రత్యేక కారణంగా దగ్గరిది. ఒక తరంలో చాలామందికి టెక్కెన్ అంటే మూడో భాగమే. ఆ తరువాతివి జపాన్‌లో వచ్చిన వరుసలో, వచ్చిన కాలంలో వారి చేతికి అందలేదు. అందువల్ల "మునుపటి ఆటే బాగుండేది" అన్న తీర్పు ఇక్కడ చాలాసార్లు రెండు భాగాలను పోల్చి చెప్పినది కాదు, ఒక్కదాన్నే చూసి చెప్పినది. ఏయే భాగంలో ఏం మారిందో, ఎందుకు మారిందో ముందు విడమరచి, ఆ తర్వాతే పక్షాలను తూచడం న్యాయం.

నాలుగు బటన్లు, నాలుగు అవయవాలు

1993లో సెగా సంస్థలో యు సుజుకి బృందం తయారుచేసిన వర్చువా ఫైటర్, చదునైన బొమ్మలకు బదులు పాలిగాన్లతో, అంటే చిన్న చిన్న బహుభుజి ముక్కలతో కూర్చిన త్రిమితీయ పాత్రలతో ఫైటింగ్ గేమ్‌ను చూపించింది. ఆ ఆట రూపకల్పనలో పనిచేసిన సెయిచి ఇషీ తరువాత నామ్‌కోకు వచ్చి టెక్కెన్ తొలి రెండు భాగాలకు సారథ్యం వహించాడు. టెక్కెన్ నడిచిన ఆర్కేడ్ బోర్డు, సోనీ ప్లేస్టేషన్ నిర్మాణం ఆధారంగా తయారైనది. అందుకే దుకాణంలో నాణెం వేసి ఆడే ఆటకూ, ఇంట్లో టీవీకి కలిపి ఆడే ఆటకూ మధ్య అంతరం చాలా తక్కువగా ఉండేది. శ్రేణి ఇంటింటికీ చేరడానికి ఈ సాంకేతిక పొత్తు మొదటి కారణం.

రెండో కారణం బటన్ల అమరిక. స్ట్రీట్ ఫైటర్ వంటి ఆటల్లో ఒక్కో బటన్ దెబ్బ బలాన్ని బట్టి ఉంటుంది: తేలిక, మధ్యరకం, బలమైన గుద్దు అన్నట్టుగా. టెక్కెన్‌లో నాలుగు బటన్లు నాలుగు అవయవాలకు చెందుతాయి: ఎడమ చేయి, కుడి చేయి, ఎడమ కాలు, కుడి కాలు. ఏమీ తెలియని పిల్లవాడు కూడా ఏ బటన్ నొక్కితే ఏ అవయవం కదులుతుందో రెండు నిమిషాల్లో పోల్చుకోగలడు. ముప్పై ఏళ్లలో పాత్రలు మారాయి, నియమాలు మారాయి, యంత్రాలు మారాయి గాని ఈ అమరిక ఒక్కసారి కూడా మారలేదు. శ్రేణి తన స్వభావాన్ని పోగొట్టుకుందని వాదించేవారు మొదట ఒప్పుకోవలసిన వాస్తవం ఇదే.

మూడో భాగం ఎందుకు నిలిచింది

1995 నాటి రెండో భాగం మొదటిదానికి మెరుగు పెట్టిన రూపం. దాని గురించి ఎక్కువ చెప్పుకోవలసినది లేదు. 1997లో ఆర్కేడ్‌కూ, 1998లో ప్లేస్టేషన్‌కూ వచ్చిన టెక్కెన్ 3 మాత్రం శ్రేణిని తిరగరాసింది. కథాకాలం ఒక తరం ముందుకు జరగడంతో పాత పాత్రల్లో చాలామంది తప్పుకోగా, జిన్ కజామా, తైక్వాండో వీరుడు హ్వోరాంగ్, లింగ్ షియావోయు, బ్రెజిల్ కపోయిరా విద్య తెలిసిన ఎడ్డీ గోర్డో వంటివారు వచ్చారు. అన్ని పాత్రలకూ పక్కకు అడుగు వేసి దెబ్బ తప్పించుకునే వీలు కలిగింది. అంతకుముందు గాలిలో తేలిపోయినట్టుండే ఎత్తయిన గెంతులు తగ్గి పోరు నేలకు దిగింది. త్రిమితీయత అంతవరకూ కంటికి కనిపించేదే. ఈ భాగంతో అది ఆటలో పనికొచ్చే సంగతి అయింది.

మూడో భాగం ప్రతులు ఎనభై లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. అయితే తెలంగాణ పట్టణాల్లో దాని వ్యాప్తి ఆ లెక్కలోకి రాదు. ఇక్కడికి అది ఎక్కువగా చిప్ వేసిన ప్లేస్టేషన్లలో నడిచే కాపీ సీడీల ద్వారా, గంటకు ఇంత అని డబ్బు కట్టి ఆడే వీడియో గేమ్ షాపుల ద్వారా, ఆ తర్వాత కంప్యూటర్లలో ఎమ్యులేటర్ ద్వారా, అంటే ఒక యంత్రం పనిని మరో యంత్రం మీద అనుకరించే సాఫ్ట్‌వేర్ ద్వారా చేరింది. ఒకే సీడీలో ఇమిడిన ఆట కావడం, పాత కంప్యూటర్ మీద కూడా నడవడం, ఇంటర్నెట్ అవసరం లేకపోవడం దాని ఆయుష్షును ఇక్కడ ఎన్నో ఏళ్లు పొడిగించాయి. ఇది చట్టబద్ధమైన వ్యాప్తి కాదన్నది నిజమే; అయినా ఈ ప్రాంతంలో ఫైటింగ్ గేమ్‌ల చరిత్ర రాసేవారెవరూ దాన్ని పక్కన పెట్టి రాయలేరు.

ఆ షాపుల్లో ఎక్కువ తగవు తెచ్చిన పాత్ర ఎడ్డీ. కాలి బటన్లు రెండింటినీ ఏ లెక్కా లేకుండా వరుసగా నొక్కుతూ పోయినా అతడు చేతుల మీద నిలబడి, గిరగిరా తిరుగుతూ, కింద ఒకటి పైన ఒకటి తన్నులు తంతూనే ఉంటాడు. ఎప్పుడు నిలబడి అడ్డుకోవాలో, ఎప్పుడు కూర్చుని అడ్డుకోవాలో తెలియని ఎదుటివాడు చేతిలో రిమోట్ ఉండి కూడా నిస్సహాయుడవుతాడు. నేర్చుకున్నవాడిని నేర్చుకోనివాడు ఓడించడం అన్యాయమా, ఆటకు అవసరమైన ఔదార్యమా అన్న ప్రశ్న అక్కడే మొదలైంది. తరువాతి భాగాలన్నీ ఏదో ఒక రూపంలో దానికే జవాబు వెతికాయి.

నాలుగో భాగం, దాని దిద్దుబాటు

పాత్రలను జంటలుగా మార్చుకుంటూ ఆడే టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 1999లో వచ్చి, మూడో భాగపు విజయాన్ని విస్తరించింది గాని దిశ మార్చలేదు. దిశ మార్చడానికి ప్రయత్నించింది 2001లో ఆర్కేడ్‌లోనూ, మరుసటి ఏడు ప్లేస్టేషన్ 2లోనూ వచ్చిన టెక్కెన్ 4. అంతవరకు బరికి హద్దులు ఉండేవి కావు. నాలుగో భాగంలో గోడలు వచ్చాయి. నేల ఎగుడుదిగుడు అయింది. జిన్ తన వంశపు పోరాట రీతిని వదిలి కరాటే తరహా కొత్త రీతిని చేపట్టాడు. కథ చెప్పే తీరు నెమ్మదిగా, బొమ్మలతో, ఆత్మకథలాగా సాగింది. ధైర్యమైన ప్రయోగమే. కానీ ఎగుడు నేల మీద సాధన చేసిన దెబ్బ తగలవలసిన చోట తగలకపోవడం, జిన్ మిగతావారికంటే చాలా బలంగా తయారవడం పోటీ ఆటగాళ్లను దూరం చేశాయి.

ఆర్కేడ్‌లో 2004లోనూ, ఇళ్లకు 2005లోనూ వచ్చిన అయిదో భాగం నేలను మళ్లీ చదును చేసింది, వేగాన్ని మూడో భాగం దగ్గరకు తెచ్చింది. గోడలను మాత్రం ఉంచింది. ఈ చివరి సంగతిని విమర్శకులు తగినంత గుర్తించలేదు. తిరస్కారం పొందిన భాగం నుంచి తీసుకున్న గోడ ఈనాటికీ టెక్కెన్ ఆటతీరుకు కేంద్రం. ప్రత్యర్థిని గోడకు ఆనించడం, గోడ నుంచి తప్పుకోవడం అన్న రెండు ఆలోచనలు లేకుండా ఎనిమిదో భాగాన్ని వర్ణించడం కుదరదు. ఓడిపోయిన ప్రయోగమే శ్రేణికి ఎక్కువ మేలు చేసిందనడం సాహసమేమీ కాదు. ఆ వెంటనే వచ్చిన డార్క్ రిసరెక్షన్ అనే సవరించిన కూర్పు లిలీ, డ్రాగునోవ్ పాత్రలను చేర్చి, బలాబలాలను సరిదిద్ది, నేటికీ చాలామంది నిపుణుల మన్నన పొందుతున్నది.

కదలిక అనే విద్య

పోటీ ఆటగాళ్లు ఆ కాలాన్ని ఎందుకు అంతగా గౌరవిస్తారో తెలియాలంటే ఒక కదలికను దగ్గర నుంచి చూడాలి. వెనక్కి రెండుసార్లు తట్టితే పాత్ర ఒక్క గెంతుగా వెనక్కి జరుగుతుంది. కానీ ఆ గెంతు పూర్తయ్యేదాకా మరో గెంతు వేయడానికి వీలుండదు. వెనుకకు కిందుగా ఉన్న మూలకు స్టిక్‌ను ఒక్క క్షణం తాకించి మళ్లీ వెనక్కి తెస్తే ఆ నిరీక్షణ తెగిపోతుంది, వెంటనే మరో గెంతు వేయవచ్చు. దీనికి కొరియన్ బ్యాక్‌డాష్ అని పేరు. తెర మీద కనిపించేది పాత్ర చకచకా వెనక్కి జారడమే. బొటనవేలికి మాత్రం అది నెలల సాధన. దాడి చేసేవాడి దెబ్బ వెంట్రుకవాసిలో తప్పిపోయేలా దూరాన్ని కొలిచి, అతడు తేరుకునేలోపు తిరిగి కొట్టడం ఆ విద్య ఫలం.

మరొకటి మిషిమా వంశీయుల ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్ అనే గుద్దు. ఆటలో కాలాన్ని ఫ్రేమ్‌లలో, అంటే సెకనులో అరవయ్యో వంతు చొప్పున కొలుస్తారు. ముందుకు, మధ్యకు, కిందికి తెచ్చిన స్టిక్‌ను ముందుకు కిందుగా ఉన్న మూలకు తాకించిన ఫ్రేమ్‌లోనే కుడిచేతి బటన్ పడితే మెరుపుతో కూడిన గుద్దు వస్తుంది. ఒక్క ఫ్రేమ్ తేడా వచ్చినా మామూలు గుద్దే. ఇటువంటి కష్టసాధ్యమైన సూక్ష్మాలే శ్రేణికి గౌరవం తెచ్చాయి. కొత్తవారిని గుమ్మం దగ్గరే ఆపినవీ అవే.

ఆరు నుంచి ఎనిమిది దాకా: చొరవ ఎవరిది

ఆరో భాగం 2007లో ఆర్కేడ్‌కు, 2009లో ఇళ్లకు వచ్చింది. ఓటమి అంచున ఉన్న పాత్ర దెబ్బలకు బలం పెంచే రేజ్, గాలిలో ఉన్న ప్రత్యర్థిని నేలకు కొట్టి మళ్లీ లేపే బౌండ్, విరిగే నేలలు, గోడలు దాని చేర్పులు. 2015లో ఆర్కేడ్‌లో మొదలై 2017 జూన్‌లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లతోపాటు మొదటిసారిగా కంప్యూటర్‌కు కూడా వచ్చిన ఏడో భాగం, రేజ్‌ను ఒకే ఒక్క భారీ దెబ్బగా మార్చుకునే రేజ్ ఆర్ట్‌నూ, ఎదుటి దెబ్బను భరిస్తూనే కొట్టే పవర్ క్రష్‌నూ తెచ్చింది. ఇద్దరి శక్తీ అడుగంటి, ఇద్దరూ ఒకేసారి దెబ్బ విసిరినప్పుడు ఆట నెమ్మదించి చూపడం, ఏమీ తెలియని ప్రేక్షకుణ్ని కూడా కుర్చీ అంచుకు తెచ్చింది. ఏడో భాగం అమ్మకాలు కోటి ప్రతులు దాటాయి.

ఎనిమిదో భాగంలో మార్పు మరింత మౌలికమైనది. హీట్ అనే స్థితిలోకి ప్రతి ఆటగాడూ రౌండుకు ఒకసారి ప్రవేశించవచ్చు. ఆ కొద్ది క్షణాల్లో అతని దెబ్బలను అడ్డుకున్నా కొంత శక్తి తరుగుతుంది. పోయిన శక్తిలో కొంత భాగం, తిరిగి దాడి చేస్తేనే వెనక్కి వస్తుంది. స్పెషల్ స్టైల్ అనే సులభ పద్ధతిలో ఒక్క బటన్‌తో పెద్ద దెబ్బల వరుసలు వస్తాయి. దూరం జరిగి వేచి ఉండేవాడికి గతంలో దక్కిన ప్రతిఫలాన్ని తగ్గించి, ముందుకు వచ్చేవాడికి ఇవ్వడమే వీటన్నిటి సారం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కబడ్డీలో 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్, రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేదా అవుట్ కావాలి అన్న డూ ఆర్ డై నియమంతో, కాలం గడిపే ఆటను అరికట్టింది. తెలుగు టైటాన్స్ ఆటను టీవీలో చూసే పల్లె ప్రేక్షకుడికి ఆ నియమం నచ్చడంలో వింత లేదు. అయితే కబడ్డీ ఆ నియమంతో రైడర్‌ను ముందుకు తోసింది గాని, పట్టుకునేవారి చేతులు కట్టేయలేదు. ఎనిమిదో భాగం మీద వచ్చిన అసలు అభియోగం, అది రెండో పని కూడా చేసిందన్నదే. 2025 ఏప్రిల్‌లో రెండో సీజన్ పేరుతో వచ్చిన సవరణ దాడికి మరింత బలమిచ్చి, పాత్రల ప్రత్యేక బలహీనతలను కూడా చెరిపివేయడంతో, ఆటగాళ్లు స్టీమ్ అమ్మకపు వేదికపై ప్రతికూల తీర్పులను గుమ్మరించారు. తయారీదారులు దిద్దుబాటు సవరణలను వెంటవెంటనే విడుదల చేయవలసి వచ్చింది. ఆ విషయంలో విమర్శకులదే సరైన పక్షం. చొరవకు విలువ ఇవ్వడం వేరు, రక్షణను అర్థరహితం చేయడం వేరు.

మూడు పక్షాలను తూచితే

మూడో భాగాన్ని శిఖరంగా నిలిపే పక్షానికి బలం సమగ్రత. పెట్టెలో వచ్చినదే మొత్తం ఆట; కష్టపడి గెలిస్తే దాచిన పాత్రలు ఒక్కొక్కటిగా బయటపడేవి, టెక్కెన్ బాల్ వంటి వినోదపు ఆటలు అదనంగా ఉండేవి. దాని బలహీనత, లోతును పరీక్షించకుండా తీర్పు చెప్పడం. ఎడ్డీ తన్నులకు విరుగుడు తెలిసిన నిపుణుల మధ్య ఆ ఆట ఎలా సాగుతుందో ఆ పక్షంలో ఎక్కువమంది చూడలేదు.

అయిదో భాగం పక్షానికి బలం విద్య పట్ల నిష్ఠ. కదలికకూ రక్షణకూ ఫలితం ఇచ్చే ఆటలో మెరుగైనవాడు ఎక్కువసార్లు గెలుస్తాడు. పోటీ అన్న మాటకు అర్థం అదే. కానీ ఇరవై ఏళ్ల సాధన ఉన్నవారి మధ్యకు పదిహేనేళ్ల పిల్లవాడు ఎలా వస్తాడన్న ప్రశ్నకు ఆ పక్షం నుంచి తృప్తికరమైన జవాబు రాలేదు.

మూడో పక్షం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. శిక్షణ పాఠాలు, ఓడిన ఆటను తిరిగి చూపి తప్పు ఎక్కడో చెప్పే సౌకర్యం, రోల్‌బ్యాక్ అనే ఆన్‌లైన్ పద్ధతి, అంటే నెట్‌వర్క్ ఆలస్యాన్ని ఊహతో పూడ్చి తేడా వస్తే వెనక్కి సరిదిద్దే ఏర్పాటు, ఎనిమిదో భాగంలో నిజంగా మెచ్చదగినవి. పొరుగున మనిషి లేని ఊళ్లో ఉన్న ఆటగాడికి రోల్‌బ్యాక్ ఏ కొత్త దెబ్బకన్నా గొప్ప వరం. అయితే ఈ పక్షం తలుపు తెరిచిన చేత్తోనే రుసుము వసూలు చేసింది. మూడో భాగంలో అందరికీ అందిన ఎడ్డీ, ఎనిమిదో భాగంలో విడిగా కొనవలసిన తొలి అదనపు పాత్రగా 2024 ఏప్రిల్‌లో వచ్చాడు. ఎనిమిదో భాగం విడుదలైన నెల రోజులకే దుస్తులు, అలంకరణలు అమ్మే దుకాణం ఆటలోనే వెలిసింది. ఏడో భాగంలో అయితే దెబ్బల ఫ్రేమ్ లెక్కలను తెరపై చూపే సౌకర్యాన్ని, అంటే నేర్చుకోవడానికి అవసరమైన కొలబద్దను కూడా, ధర పెట్టి అమ్మారు. దీనికి సమర్థన లేదు.

లాహోర్ నుంచి వచ్చిన సాక్ష్యం

ఈ వాదనలో దక్షిణాసియా అనుభవం ఒకటి ప్రపంచం ముందు నిలిచింది. లాహోర్‌కు చెందిన అర్సలాన్ యాష్ 2019 ఫిబ్రవరిలో జపాన్‌లోనూ, అదే ఏడు ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగస్‌లోనూ ఈవో అనే ఫైటింగ్ గేమ్ పోటీల్లో టెక్కెన్ 7 విభాగాన్ని గెలిచాడు; లాస్ వేగస్ ఫైనల్లో ఓడినది దశాబ్దాలుగా ఈ శ్రేణికి పర్యాయపదంగా ఉన్న కొరియా ఆటగాడు 'నీ'. తమ దేశంలో ఇంకా ఎందరో బలమైన ఆటగాళ్లు ఉన్నారని అర్సలాన్ చెప్పిన మాట తేల్చుకోవడానికి 'నీ' స్వయంగా లాహోర్ వెళ్లి ఆడి వచ్చాడు. ఖరీదైన వసతులతో కాక, ఆర్కేడ్ దుకాణాల్లో ఒకరినొకరు ఎదుట కూర్చుని సానపెట్టుకున్న ఆట అది.

తెలంగాణ షాపుల ఆట కూడా అలాంటి వాతావరణంలోనే పుట్టింది. కానీ మూడో భాగం దగ్గర ఆగిపోయింది. షాపులు మూతపడటం, పిల్లల కాలం ఫోన్ ఆటలవైపు మళ్లడం, కొత్త యంత్రాల ధర పెరగడం ఇందుకు కారణాలు. ఎనిమిదో భాగానికి కావలసిన ప్లేస్టేషన్ 5 ధర పదుల వేల రూపాయల్లో ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే దాదాపు 100 గిగాబైట్ల ఖాళీ కావాలి. ప్రభుత్వ గుర్తింపు మాత్రం ఈలోగా వచ్చింది. 2022 డిసెంబరులో కేంద్రం ఇ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే వీడియో గేమ్‌లను, క్రీడా మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతక అంశం కాగా, దాన్ని నలభై దాటిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్ వూ గెలిచాడు. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధిస్తూనే ఇ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. గుర్తింపు ఢిల్లీలో ఉంది, ఆడే చోటు ఊళ్లో లేదు. శ్రేణి ఏ భాగంలో ఎంత మెరుగైందన్న చర్చ కంటే ఇది ఇక్కడి యువతకు పెద్ద సమస్య.

తేలవలసినవి

అన్నిటికంటే తక్కువ చర్చకు వచ్చిన మార్పు, కొత్త భాగం అన్న భావనలోనే వచ్చింది. ఒకప్పుడు మూడో భాగం నచ్చకపోతే రెండో భాగం సీడీ అరలో ఉండేది. నాలుగో భాగం విఫలమైనా మూడోది చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఒకే భాగం లోపలే నియమాలు ఏటేటా మారుతున్నాయి, పాతది తుడిచిపెట్టుకుపోతున్నది. 2024 జనవరిలో విడుదలైన నాటి టెక్కెన్ 8ను ఆన్‌లైన్‌లో ఆడదలచినవారికి ఈనాడు దారి లేదు. ఏ భాగం మేలైనదో భవిష్యత్తు పరిశోధకుడు తేల్చాలంటే పోల్చడానికి వస్తువే మిగలదు. ప్రతి సీజన్ ముగింపులో ఆనాటి కూర్పును విడిగా భద్రపరచి, కనీసం ఒకే ఇంట్లో ఇద్దరు ఆడుకునేందుకైనా అందుబాటులో ఉంచడం తయారీదారుల బాధ్యత.

ఇక్కడివారి బాధ్యత వేరు. ఎడ్డీ తన్నులకు విరుగుడు ఎలా కనిపెట్టారో, కాపీ సీడీ ఏ ఊరి నుంచి ఏ ఊరికి చేరిందో, గంట అద్దె ఎంత ఉండేదో, ఏ పాత్రకు ఏ ముద్దుపేరు ఉండేదో ఏ పుస్తకంలోనూ లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆ వీడియో గేమ్ షాపులు నడిపినవారు, వాటిలో ఆడి పెరిగినవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. స్థానిక చరిత్ర రాసే అధ్యాపకులు, విద్యార్థులు వారిని అడిగి ఆ వివరాలను ఇప్పుడే రాసిపెట్టాలి.